నాన్నగారి ఫీడ్‌లో దొరికిన క్లెబ్సియెల్లా: నా అనుభవం

నాన్నగారికి 73 ఏళ్లు. అంబాజీపేట దగ్గర మా ఊళ్లో కొబ్బరితోట చూసుకుంటూ ఉంటారు. 2025 జనవరి 17న, కనుమ అయిన రెండో రోజు, తెల్లారి లేవబోతే కుడి చెయ్యి, కాలు కదల్లేదు. మాట ముద్దగా వచ్చింది. అమలాపురంలో సీటీ స్కాన్ తీయించి, అక్కడి డాక్టరుగారు చెప్పినట్టు అంబులెన్సులో రావులపాలెం మీదుగా రాజమండ్రి తీసుకెళ్లాం. ఆసుపత్రి పేరు రాయడం లేదు. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలట. నిద్రలో ఎన్నింటికి వచ్చిందో తెలియదు కాబట్టి ఇవ్వలేదు. పక్షవాతం సంగతి ఇంతటితో ఆపుతాను, దాని గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆసుపత్రిలో చేరాక మందులకు లొంగని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా రూపంలో మా మీద పడిన రెండో గండం గురించి మాత్రం మాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. ఆ గండానికీ నాన్నగారికి పోసిన ఆహారానికీ సంబంధం ఉందేమోనని చివరికి ఆసుపత్రి వాళ్లే వెతకాల్సి వచ్చింది.

మొదటి రోజు సిస్టర్ స్పూనుతో నీళ్లు పోస్తే నాన్నగారు దగ్గారు. మింగే శక్తి తగ్గింది, ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది అని ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేశారు. రైల్స్ ట్యూబ్. అందులో పోసేదాన్ని అక్కడ అందరూ ఫీడ్ అనే అంటారు. మూడు గంటలకోసారి 200 మిల్లీలీటర్లు. పొద్దున ఆరింటికి మొదలుపెడితే అర్ధరాత్రి పన్నెండుకి ఆఖరిది.

ఐసీయూలో ఉన్నన్నాళ్లు రోజుకు రెండు పూటలా అయిదేసి నిమిషాలు చూడనిచ్చేవారు. తర్వాత, కాస్త కోలుకున్నవాళ్లను ఉంచే స్టెప్‌డౌన్ ఐసీయూకి మార్చారు. అక్కడ ఒక మనిషి పక్కన ఉండొచ్చు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, తమ్ముడు హైదరాబాద్ నుంచి శని, ఆదివారాలే రాగలడు. అందుకని ఎక్కువగా నేనే ఉన్నాను. ఫీడ్ ఎలా వస్తుందో అప్పుడే చూశాను. కింద వంటింట్లో బియ్యం జావ గానీ రాగి జావ గానీ కాచి, అందులో పాలు, అరటిపండు, ఉడికించిన గుడ్డు తెల్లసొన, ప్రొటీన్ పౌడర్ వేసి మిక్సీలో తిప్పి, వడకట్టి, ప్లాస్టిక్ సీసాల్లో పోసి ట్రాలీ మీద పంపుతారు. సీసా మీద ప్లాస్టర్ ముక్క, దాని మీద మార్కర్‌తో బెడ్ నంబరు. ఎన్నింటికి తయారైందో రాసి ఉండదు. పదకొండున్నరకు రెండు సీసాలు కలిపి వచ్చేవి. ఒకటి పన్నెండింటికి, రెండోది మూడింటికి. రెండోది అంతసేపూ మంచం పక్కన స్టాండు మీదే ఉండేది. ఖాళీ సీసాలు సాయంత్రం అదే ట్రాలీ మీద వంటింటికి తిరిగి వెళ్లేవి. ఈ ఆఖరి మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

జనవరి 27 సోమవారం రాత్రి వణుకుతో జ్వరం వచ్చింది. దుప్పట్లు కప్పినా ఆ వణుకు ఆగలేదు. మాట సరిగా రాని మనిషి, ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పాలని చూశారు. ఏమిటో నాకు అర్థం కాలేదు. పక్షవాతం వచ్చిన రోజు కంటే ఆ రాత్రే నాకు ఎక్కువ భయమేసింది. అప్పటికే ఛాతీలో ఇన్‌ఫెక్షన్ అనుమానంతో సెఫ్‌ట్రయాక్సోన్, తర్వాత పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ అనే యాంటీబయాటిక్స్ వాడారు. ఆ మందులు నడుస్తుండగానే జ్వరం వచ్చిందంటే లోపల ఉన్నది వాటికి లొంగనిదని డ్యూటీ డాక్టర్ చెప్పారు. రెండు చేతుల నుంచీ రక్తం తీసి, బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే కల్చర్ సీసాల్లో పోశారు, మూత్రం కూడా పంపారు. అప్పటికప్పుడు మెరోపెనెమ్ అనే ఇంకో యాంటీబయాటిక్ మొదలుపెట్టారు.

కల్చర్ అంటే ఎంతసేపు ఆగాలో తెలియని వాళ్ల కోసం మా లెక్క చెబుతాను. మర్నాడు సాయంత్రానికి ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది, రక్తంలో గ్రామ్ నెగటివ్ అనే రకం బ్యాక్టీరియా పెరుగుతోంది అని. అది ఏ రకం, ఏ మందుకు లొంగుతుంది అన్నది 30వ తేదీ మధ్యాహ్నానికి గానీ రాలేదు. మధ్యలో ఆ రెండు రోజులూ ఏ మందు పనిచేస్తుందో ఎవరికీ తెలియదు, అంచనా మీదే ఇస్తారు. జ్వరం తగ్గలేదు, బీపీ పడిపోయి దానికి వేరే ఇంజెక్షన్ పెట్టారు, మళ్లీ ఐసీయూకి మార్చారు. తమ్ముడు రాత్రి బస్సెక్కి వచ్చేశాడు.

రిపోర్టు రెండు పేజీలు. పైన క్లెబ్సియెల్లా న్యుమోనియే అని ఉంది. కింద వరుసగా మందుల పేర్లు, ఎదురుగా ఎస్, ఐ, ఆర్ అనే అక్షరాల్లో ఒకటి. ఎస్ అంటే మందు పనిచేస్తుంది, ఆర్ అంటే పనిచెయ్యదు. నేను వేలు పెట్టి కిందికి చదువుకుంటూ వెళ్లాను. సెఫ్‌ట్రయాక్సోన్ ఆర్, సిప్రోఫ్లాక్సాసిన్ ఆర్, అమికాసిన్ ఆర్, పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ ఆర్, మెరోపెనెమ్ ఆర్. టైజీసైక్లిన్ దగ్గర ఒక్క ఎస్ కనపడింది. అది రక్తంలో సరిపడా నిలవదు, ఒక్కదాన్నే నమ్ముకోలేం అన్నారు. ఆఖర్న కొలిస్టిన్ ఎదురుగా ఐ. అది చూసి ఉన్న ఒక్క మందు కూడా అంతంతమాత్రమేనా అని గుండె జారిపోయింది. తర్వాత తెలిసిందేమిటంటే కొలిస్టిన్‌కి ఇప్పుడు అమెరికా ప్రమాణాల్లో ఎస్ అనేదే లేదు. 2020 నుంచి ఐ గానీ ఆర్ గానీ రాస్తారు. ఐ వచ్చిందంటే ఆ మందుకు అదే మంచి ఫలితం. మీ చేతికి ఇలాంటి రిపోర్టు వస్తే ఈ ఒక్క విషయం తెలిసి ఉండడం వల్ల ఒక రాత్రి టెన్షన్ తగ్గుతుంది.

డాక్టరుగారు కూర్చోబెట్టి రెండు దారులు చెప్పారు. కొలిస్టిన్ ఖరీదు తక్కువ, కిడ్నీల మీద భారం ఎక్కువ. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, నాన్నగారికి అప్పటికే 1.6కి పెరిగింది. రెండోది సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్, దానికి తోడు అజ్ట్రియోనామ్. బ్యాక్టీరియాలో ఏ జన్యువు ఉందో చూసే పరీక్ష చేయించారు, ఎన్‌డీఎం అని వచ్చింది. ఎన్‌డీఎం ఉన్నప్పుడు మెరోపెనెమ్ లాంటి మందుల్ని అది తయారుచేసే ఎంజైమ్ విరగ్గొట్టేస్తుంది. సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ కూడా ఒక్కటే ఇస్తే పనిచెయ్యదు. అజ్ట్రియోనామ్‌ని ఆ ఎంజైమ్ ఏమీ చెయ్యలేదు గానీ, ఈ బ్యాక్టీరియాలో సాధారణంగా ఉండే వేరే ఎంజైములు దాన్ని చెడగొడతాయి. వాటిని అవిబాక్టమ్ అడ్డుకుంటుంది. అందుకే రెండూ కలిపి ఇస్తారు. రోజుకు 18,000 రూపాయలు అవుతుంది అన్నారు. అమ్మ తన మెడలో గొలుసు వైపు చూసుకుంది. తమ్ముడు, నేను ఒకరి మొహం ఒకరు చూసుకుని రెండోదే ఇవ్వమన్నాం. డబ్బు గురించి ఇక్కడ ఒక మాట. అదే మందు వేరే కంపెనీది తక్కువకు దొరుకుతుందా అని ఆసుపత్రి ఫార్మసీలోనే అడిగాం. ఉంది. మర్నాటి నుంచి రోజుకు 11,500 అయింది. అడగనిదే వాళ్లు చెప్పలేదు.

31వ తేదీ పొద్దున్న మంచం చుట్టూ తెర కట్టారు, పసుపు కార్డు తగిలించారు. లోపలికి వెళ్లాలంటే గౌను, గ్లవుజులు వేసుకోవాలి. నిన్నటిదాకా మాతో కబుర్లు చెప్పిన పక్క బెడ్ వాళ్లు తలుపు దగ్గర తప్పుకుని నడిచారు. ఒకావిడ అమ్మను పట్టుకుని "అదేదో అంటుకునే జబ్బంటగా పిన్నిగారూ" అని అడిగేసింది. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. ఈ బాధ రిపోర్టులో ఎక్కడా ఉండదు, కానీ పడాల్సి వస్తుంది. తెర ఎందుకు కడతారో అమ్మకు ఒక సిస్టర్ విడమరిచి చెప్పాక కాస్త కుదుటపడింది. గాలిలో వచ్చేది కాదు, చేతుల ద్వారా, వస్తువుల ద్వారా మంచం నుంచి మంచానికి వెళ్తుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మామూలుగా ఏమీ చెయ్యదు.

ఆ సిస్టర్ వార్డు సిస్టర్ కాదు, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్స్. ఇలాంటి ఉద్యోగం ఒకటుందని నాకు అప్పటిదాకా తెలియదు. అదే ఐసీయూలో ఇంకో ఇద్దరికి ఇదే క్లెబ్సియెల్లా వచ్చిందట, అందుకే ఆవిడ రంగంలోకి దిగారు. మిగిలిన పేషెంట్లకు కూడా మలద్వారం దగ్గర స్వాబ్ తీశారు. జ్వరం లేకపోయినా పేగుల్లో ఈ బ్యాక్టీరియా కాపురం ఉందా అని చూడ్డానికి. సింకులు, మంచం కమ్మీలు, మానిటర్ బటన్లు అన్నిటి మీదా దూది పుల్లలు తిప్పి తీసుకెళ్లారు. తర్వాత నా దగ్గర కూర్చుని ఒక కాగితం తీశారు. నాన్నగారికి నోటి ద్వారా ఏమైనా పెట్టామా, బయటి నుంచి ఏమైనా తెచ్చామా, ఫీడ్ ఎవరు పోస్తారు, సీసా ఎంతసేపు బయట ఉంటుంది అని అడిగారు. పదకొండున్నరకు రెండు సీసాలు కలిపి రావడం, స్టాండు మీద ఉండడం అన్నీ చెప్పాను. ఆవిడ రాయడం ఆపి నా వైపు చూశారు.

జ్వరం వస్తే రక్తం, మూత్రం, కళ్లె పరీక్ష చేస్తారని మనకు తెలుసు. ముగ్గురికీ ఒకేలా ఉన్నది ఏమిటి అని వెతుక్కుంటూ వెళ్లగా, ముగ్గురికీ రైల్స్ ట్యూబ్ ఉంది, ముగ్గురికీ అదే మిక్సీలో తిప్పిన ఫీడ్ అని ఆవిడకు తేలింది. ఫిబ్రవరి 3 సోమవారం మధ్యాహ్నం ట్రాలీ వచ్చీ రాగానే నా కళ్ల ముందే సీసా మూత తీసి, స్టెరైల్ డబ్బాలోకి కొంచెం ఫీడ్ పోసుకుని, టైమ్ రాసి, ఐస్ ప్యాకుల మధ్య పెట్టుకుని వెళ్లారు. మూడింటికి మిగతా సీసాలోంచి ఇంకోసారి. వంటింట్లో పొయ్యి మీద ఉడుకుతున్న జావ, పాలు, తాగునీళ్లు, మిక్సీ జారు, పెరుగు, మామూలు పేషెంట్లకు ఇడ్లీలోకి పంపే కొబ్బరి-కొత్తిమీర పచ్చడి, అన్నిటి శాంపిళ్లూ తీశారట.

ఫలితం శుక్రవారం సాయంత్రం వచ్చింది. యాజమాన్యం తరఫున వచ్చిన మేనేజర్ "అది మా ఇంటర్నల్ విషయమండి" అన్నారు. మైక్రోబయాలజీ మేడం మాత్రం దాచలేదు. "మీ నాన్నగారికి పోసింది ఏమిటో తెలుసుకునే హక్కు మీకుందమ్మా" అని ల్యాబ్ అద్దం దగ్గరికి పిలిచి, శాంపిళ్లలోని బ్యాక్టీరియాను పెంచి చూసే ప్లేట్లు చూపించారు. ఆ మాట అన్నందుకు నేను ఆవిడకు జీవితాంతం రుణపడి ఉంటాను.

మూడు ప్లేట్లు వరసగా పెట్టారు. పొయ్యి మీద జావది ఖాళీగా ఉంది, ఏమీ పెరగలేదు. పన్నెండింటి ఫీడ్‌ది గులాబీ రంగు చుక్కలు, అక్కడక్కడ. మూడింటి ఫీడ్ ప్లేటులో చుక్కల మధ్య ఖాళీ లేదు. సన్నటి తీగతో ఒక చుక్కను తాకి పైకెత్తితే బెండకాయ జిగురులా సాగింది. రకం క్లెబ్సియెల్లా, మందుల వరుస చూస్తే నాన్నగారి రిపోర్టులాగే, జన్యువు కూడా ఎన్‌డీఎం. కొత్తిమీర పచ్చడిలో వేరేది దొరికింది, ఈ.కోలై. అది మెరోపెనెమ్‌కి లొంగేదే గానీ సెఫ్‌ట్రయాక్సోన్ లాంటి మందులకు లొంగదు. పాలు, నీళ్లు బాగానే ఉన్నాయి.

తర్వాత ఆవిడ ఫోన్లో ఒక ఫొటో చూపించారు. మిక్సీ జారు విప్పి తీసింది. బ్లేడు కింద నల్లటి రబ్బరు రింగు ఉంటుంది కదా, దాన్ని పట్టకారుతో పైకెత్తారు. రింగు పైవైపు శుభ్రంగా ఉంది. కిందివైపు, లోహానికి ఆనుకునే చోట, గోధుమరంగు పేస్టు గట్టిగా పట్టి ఉంది. రింగు గాడిలో అరటిపండు పీచు. రోజూ ఎంత తోమినా చెయ్యి వెళ్లని చోటు అది. జావ మరిగినప్పుడు అందులో ఉన్నవన్నీ చచ్చిపోయాయి, చల్లారాక జారులో పోసి తిప్పినప్పుడు మళ్లీ ఎక్కాయి. ఇక ఆ తర్వాత దానికి మంట తగిలేది లేదు, నేరుగా పొట్టలోకే.

నేను అడిగిన మొదటి ప్రశ్న, ఇంత మొండి బ్యాక్టీరియా వేడికి చస్తుందా అని. చస్తుందట. మందుకు లొంగకపోవడం వేరు, వేడిని తట్టుకోవడం వేరు. బాగా పొగలు కక్కేలా వండితే మామూలు క్లెబ్సియెల్లా, ఈ క్లెబ్సియెల్లా ఒకేలా చస్తాయి. అందుకే వండిన పప్పు, అన్నం వేడివేడిగా తింటే ఈ భయం తక్కువ. వండాక తాకేవాటితో, వండకుండా పెట్టేవాటితోనే తంటా. పచ్చి కొత్తిమీర చల్లడం, కోసిన పళ్లు, పచ్చళ్లు, సలాడ్, గోరువెచ్చగా గంటల తరబడి నిలవున్న జావ. పాలు, పిండి, చక్కెర కలిసిన గోరువెచ్చటి ద్రవంలో ఇలాంటి బ్యాక్టీరియా ఇరవై, ముప్పై నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. మూడింటి ప్లేటు నిండిపోవడానికి కారణం అదే.

రెండో ప్రశ్న, మనం రోజూ ఎన్నో తింటాం, మనకు రానిది నాన్నగారికి ఎందుకు వచ్చింది అని. మేడం చెప్పింది నా మనసులో అలాగే ఉండిపోయింది. మామూలు మనిషి మింగిన బ్యాక్టీరియాలో చాలా భాగాన్ని కడుపులోని ఆమ్లం చంపేస్తుంది. ఐసీయూలో అల్సర్ రాకుండా పాంటోప్రజోల్ ఇస్తారు, దాంతో ఆమ్లం తగ్గుతుంది. పేగుల్లో ఎప్పుడూ ఉండే మంచి బ్యాక్టీరియా కొత్తవాటికి చోటివ్వవు. పది రోజుల యాంటీబయాటిక్స్‌తో అవి కూడా పోయాయి. ఆ ఖాళీలోకి మందులకు లొంగనిది వచ్చి కూర్చుంటుంది. అక్కడి నుంచి యూరిన్ ట్యూబ్ దారిన గానీ, పేగు గోడ బలహీనమైన చోటు నుంచి గానీ రక్తంలోకి వెళ్తుంది. మందులు తప్పని కారణాలకే ఇచ్చారు, వాటిని నేను తప్పు పట్టను. కానీ ఆ స్థితిలో ఉన్న మనిషి నోటికి, గొట్టానికి వెళ్లేదాని మీద ఎంత శ్రద్ధ ఉండాలి? సెలైన్ సీసా మీద ఉన్నంత శ్రద్ధ ఫీడ్ సీసా మీద ఎందుకు లేదు?

అయితే నాన్నగారికి ఇన్‌ఫెక్షన్ ఫీడ్ నుంచే వచ్చిందని నేను రాయడం లేదు. మేడం కూడా అలా అనలేదు. మందుల వరుస, జన్యువు ఒకటే అయితే అనుమానం బలపడుతుంది, రుజువు కాదు. పూర్తిగా తేల్చాలంటే రెండు బ్యాక్టీరియాల జన్యుక్రమం మొత్తం చదివి పోల్చాలి, అది ఇక్కడ చెయ్యలేదు. పైగా ఇంకో దారి కూడా ఉంది. ఖాళీ సీసాలు ఐసీయూ నుంచి వంటింటికి తిరిగి వెళ్తాయని రాశాను కదా. ఏ పేషెంటు దగ్గరిదో సీసా మీద వెళ్లి, కడిగే చోట చెయ్యి మారి, జారులో చేరి, అక్కడి నుంచి అందరికీ తిరిగి వచ్చి ఉండొచ్చు. వంటింటి నుంచి ఐసీయూకా, ఐసీయూ నుంచి వంటింటికా అనేది చెప్పలేమన్నారు. ఎటు నుంచి ఎటు వెళ్లినా చెయ్యాల్సిన పని మాత్రం ఒక్కటే.

వంటింట్లో ఫీడ్ చేసే ఆవిడను రెండో రోజు లిఫ్ట్ దగ్గర చూశాను. మొహం వాడిపోయి ఉంది. "రోజూ సబ్బేసి తోమే కడుగుతానండమ్మా, ఆ రింగు ఊడుద్దని నాకెవరూ చెప్పలేదండి" అంది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. నలుగురు చెయ్యాల్సిన పని ఒక్కతే చేస్తోంది, నేర్పినవాళ్లు లేరు. కోపం వచ్చింది "ఇంటర్నల్ విషయం" అన్న మాట మీద.

మా పెద్దమ్మ కొడుకు భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. నాన్నగారిని చూడ్డానికి వచ్చినప్పుడు ఇదంతా చెబితే కాసేపు మాట్లాడలేదు. "మా రొయ్య పట్టకముందే శాంపిల్ ల్యాబ్‌కి పంపాలమ్మా. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ ఆనవాలు ఇంత తేలినా ఎక్స్‌పోర్ట్ వాడు ముట్టుకోడు" అన్నాడు. మేడంని అడిగితే అది రొయ్యలో మిగిలిన మందు కోసం చేసే పరీక్ష, బతికున్న మొండి బ్యాక్టీరియా కోసం చేసేది వేరు అని చెప్పారు. తేడా అర్థమైంది, కడుపు మంట మాత్రం తగ్గలేదు. పరాయి దేశం పళ్లెంలోకి వెళ్లే రొయ్యకు ముందుగానే పరీక్ష ఉంది. మా నాన్నగారి గొట్టంలోకి వెళ్లే జావకు ముగ్గురు పడిపోయాక గానీ రాలేదు. కొలిస్టిన్ సంగతి కూడా అప్పుడే తెలిసింది. మనిషికి ఆఖరి మందుగా దాచుకున్న దాన్ని మన దేశంలో కోళ్లు బలంగా పెరగడానికి దాణాలో కలిపేవారట. 2019 జులైలో కేంద్రం నిషేధించింది. ఇలాంటి బ్యాక్టీరియా ఒక్క ఆసుపత్రిలోనే పుట్టదు, ఫారాల నుంచి, మురుగు కలిసే కాలవల నుంచి, ఆ నీళ్లతో కడిగిన ఆకుకూర కట్టల మీదుగా కూడా వంటింటికి రాగలదు. మా కోనసీమలో కొత్తిమీర కట్టను కాలవలో ముంచి తీసి బుట్టలో పెట్టడం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే.

ఆ వారంలోనే ఆసుపత్రిలో మార్పులు వచ్చాయి, ఆ మేరకు వాళ్లను మెచ్చుకోవాలి. పాత జార్లు తీసేశారు. ఐసీయూ ఫీడ్‌కి వంటింటి జావ ఆపేసి, డబ్బా పౌడర్‌ని కాచి చల్లార్చిన నీళ్లలో అప్పటికప్పుడు ఐసీయూ పక్క గదిలోనే కలపడం మొదలుపెట్టారు. సీసా మీద కలిపిన టైమ్ రాస్తున్నారు, ఒకసారికి ఒకటే సీసా, అది కూడా వాడి పారేసేది. మామూలు పేషెంట్లకు పచ్చి కొత్తిమీర పచ్చడి బదులు పోపు వేసి వేయించిన పచ్చడి పంపుతున్నారు. మాకు కలిగిన కొత్త కష్టం ఏమిటంటే ఆ పౌడర్ డబ్బా ఖర్చు మా బిల్లులో వేశారు, డబ్బా 900 పైన, అది రెండు రోజులు కూడా రాదు. మేం గట్టిగా అడిగితే సగం తీసేశారు.

నాన్నగారికి జ్వరం కొత్త మందులు మొదలుపెట్టిన మూడో రోజుకి దిగింది. బీపీ నిలబడింది. ఫిబ్రవరి రెండో వారానికి క్రియాటినిన్ 1.2కి వచ్చింది. 19వ తేదీన డిశ్చార్జ్. మొత్తం బిల్లు 7,40,000 దాటింది. మా ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్సులో అమ్మానాన్నలు ఉన్నారు కాబట్టి 5,00,000 దాకా వచ్చింది. గౌన్లు, గ్లవుజులు, ఐసోలేషన్ ఛార్జీలు కన్స్యూమబుల్స్ (వాడి పారేసేవి) కింద ఇన్సూరెన్సు వాళ్లు ఇవ్వకుండా కొట్టేశారు. ఒక్క గౌన్లు, గ్లవుజులకే 20,000 పైచిలుకు. జబ్బు మనిషి తెచ్చుకున్నది కాదు, ఆసుపత్రిలో వచ్చింది. దానికి వేసుకున్న గౌను ఖర్చు కూడా మనదే. బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఇది అడిగాను. ఆ అబ్బాయి దగ్గర జవాబు లేదు, పాపం అతని చేతిలో ఉన్నదీ కాదు.

డిశ్చార్జ్ సమ్మరీలో పక్షవాతం గురించి పేజీన్నర ఉంది. ఇన్‌ఫెక్షన్ గురించి "సెప్సిస్, చికిత్స చేయబడింది" అని ఒక్క లైను. బ్యాక్టీరియా పేరు, ఎన్‌డీఎం, ఏ మందులు పనిచేశాయి, ఏవి చెయ్యలేదు అన్నది రాసిచ్చేదాకా కదలనని చెప్పాను. మూడు గంటలు పట్టింది. మేడం వచ్చి సంతకం పెట్టారు. మీలో ఎవరైనా ఇలాంటి పరిస్థితిలో ఉంటే ఈ కాగితం లేకుండా ఇంటికి రావద్దు. ఫీడ్ పరీక్ష ఫలితం మాత్రం రాతపూర్వకంగా ఇవ్వలేదు. మెయిల్ పెట్టాను, ఇప్పటిదాకా జవాబు లేదు.

ఇంటికి వచ్చాక కూడా గొట్టం ఉంది, ఫీడ్ అమ్మే చేస్తుంది. వచ్చిన రోజే మా మిక్సీ జారు కింద రింగు పీకి చూశాం. అక్కడా అదే గోధుమరంగు. ఇప్పుడు ఫీడ్‌కి విడిగా చిన్న జారు కొన్నాం, 450 రూపాయలు. వాడిన ప్రతిసారీ రింగు తీసి, సబ్బుతో కడిగి, మరిగే నీళ్లు పోసి, ఎండలో ఆరబెడుతుంది అమ్మ. వీలైన రోజు మిక్సీ జోలికే పోదు. జావ పల్చగా కాచి వడకడుతుంది, పాలు, ప్రొటీన్ పౌడర్ అన్నీ పొయ్యి మీదే కలిపేస్తుంది. ఒక పూటకు సరిపడానే చేస్తుంది, గోరువెచ్చగా అవగానే పోసేస్తాం. మిగిలితే కొబ్బరిచెట్టు మొదట్లో పోసేస్తుంది. సిరంజి కూడా ప్రతిసారీ విప్పి కడుగుతాం.

పేగుల్లో ఈ బ్యాక్టీరియా నెలల తరబడి ఉండొచ్చని చెప్పి పంపారు. ఇంట్లో విడిగా ఉంచక్కర్లేదు. డైపర్ మార్చాక సబ్బుతో చేతులు కడుక్కోవడం, నాన్నగారి పని చూసే మనిషి వంట ముట్టుకునే ముందు మళ్లీ కడుక్కోవడం, ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందే చెప్పడం. మనవడిని దగ్గరికి రానివ్వొచ్చా అని అమ్మ మూడు సార్లు అడిగింది, రానివ్వొచ్చు అన్నారు. ఆ సాయంత్రం వాడు మంచం మీదెక్కి తాతయ్యకు సెల్‌లో బొమ్మలు చూపించాడు.

మార్చి ఆఖరికి మింగడం కొంచెం కొంచెంగా వచ్చింది. ఫిజియోథెరపిస్ట్ చెప్పినట్టు ముందు చిక్కటి జావ, తర్వాత మెత్తటి పప్పన్నం. గొట్టం తీసేశారు.

ఏప్రిల్‌లో ఒకసారి జ్వరం వచ్చింది. అమలాపురం తీసుకెళ్లాం. ఇలాంటప్పుడు ఇదివరకు సెఫిక్సిమ్ రాసి పంపేసేవారు. నేను కూర్చోకముందే డిశ్చార్జ్ కాగితం టేబుల్ మీద పెట్టాను. డాక్టరుగారు ఎన్‌డీఎం అన్న మాట దగ్గర ఆగి, రెండుసార్లు చదివి, "మంచి పని చేశావమ్మా ఇది తెచ్చి" అన్నారు. బీపీ, ఆక్సిజన్ బాగానే ఉన్నాయని చూసుకుని, యాంటీబయాటిక్ రాయకుండా రక్తం, మూత్రం కల్చర్‌కి పంపి, పారాసెటమాల్ ఇచ్చి, బీపీ తగ్గినా మగతగా ఉన్నా వెంటనే రమ్మని జాగ్రత్తలు చెప్పి పంపారు. రెండో రోజుకి జ్వరం పోయింది. కల్చర్ రెండింట్లోనూ ఏమీ పెరగలేదు. ఆ పరీక్షలకు 1,900 రూపాయలయ్యాయి.

మేలో రాజమండ్రి చెకప్‌కి వెళ్లినప్పుడు మళ్లీ స్వాబ్ తీశారు. పేగుల్లో క్లెబ్సియెల్లా ఇంకా ఉంది. దానికి మందు వాడక్కర్లేదు, ఒంట్లో ఇబ్బంది లేనంతవరకు అలా వదిలెయ్యాలి, అనవసరంగా యాంటీబయాటిక్ వాడకపోతే మంచి బ్యాక్టీరియా మళ్లీ పెరిగి దాన్ని పక్కకు నెట్టే అవకాశం ఉంది అన్నారు. తర్వాతి స్వాబ్ ఆగస్టులో తీస్తామన్నారు.